ఇరవై తొమ్మిదో తేదీ

రొట్టెల బుట్ట అడక్కముందే వచ్చేస్తుంది.
గుడ్డ కింద వెచ్చగా ఊపిరి తీస్తుంటుంది.
వద్దంటాను.
వెయిటర్ ఫెలిసియానో కనుబొమలెత్తుతాడు.
పందొమ్మిదేళ్లుగా ఈ మూల బల్ల దగ్గర
బుట్ట అడుగు చూడకుండా లేచినవాణ్ణి కాను మరి.
తిన్నా తినకపోయినా
రొట్టెకీ కత్తికీ కలిపి బిల్లులో ఓ గీటుంటుంది.
మానుకున్నదానికీ మనమే డబ్బు కట్టాలి.

నిజం చెప్పాలంటే హోటల్లో పథ్యం సులువు.
రొసారియోలో మాంసానికి కరువా?
నిప్పుల మీద పక్కటెముకలు చిటపటమంటాయి.
దుంపల వేపుడు మార్చి ఆకులు తెమ్మంటే తెస్తారు.
నిమ్మచెక్క పిండుకుంటాను.
గడ్డి మేసిన ఎద్దు, ఎద్దును మేసే నేను,
మధ్యలో పిండి లేదు.

ముప్పై రెండేళ్లు సిటీ బస్సు నడిపాను.
ఎర్ర లైటుకో తీపి బిస్కెట్టు,
ఆఖరి స్టాపులో నెలవంక రొట్టెలు రెండు.
డాక్టరమ్మ కాగితం మీది అంకె చుట్టూ సున్నా చుట్టి
"ఇది మీ బస్సు నంబరు కాదుగా, దొన్ అన్సెల్మో?" అంది.
నేను నవ్వాను.
ఆమె నవ్వలేదు.

హోటలు సరే, ఇల్లు వేరు.
ఇంట్లో నేలిదా ఉంది.
ఇంట్లో ఇరవై తొమ్మిదో తేదీ ఉంది.

ఆ రోజు ఈ ఊళ్లో న్యోకీ వండాలి.
నెలాఖరు, జేబుకి చిల్లు, దుంపా మైదా చవక.
పళ్లెం కింద ఓ నోటు పెట్టుకుని తింటే
వచ్చే నెల చేతిలో డబ్బాడుతుందట.
నోటు మీద సున్నాలు పెరిగాయి,
మా చేతిలో ఏమీ ఆడలేదు.
అయినా నేలిదా ఒక్కో ముద్దనీ
ఫోర్కు వీపు మీద బొటనవేలితో దొర్లిస్తుంది,
చారలు పడేలా,
ఆ చారల్లో టమాటా ఇంకేలా.

నేను నోరు కట్టుకున్న మొదటి నెల
కాలీఫ్లవరుతో చేసింది.
నీళ్లలో విడిపోయి గిన్నెలో మబ్బు మిగిలింది.
సూపని పేరు పెట్టి ఇద్దరం తాగేశాం.
రెండో నెల జున్నుతో చేసింది.
"టైరు" అన్నాను, టైర్ల సంగతి తెలిసినవాణ్ణి కదా.
రాత్రి దాకా మాట్లాడలేదు.
మూడో నెల
ఏమీ చేయలేదు.
వంకాయ చెక్కలు కాల్చి పెట్టి, కేలండరు వైపు చూడలేదు.

ఆ రాత్రి నీళ్ల చప్పుడుకి మెలకువొచ్చింది.
వంటింట్లో దీపం లేదు.
కుళాయి ధారగా తిప్పి పెట్టుకుని
గట్టు దగ్గర నిలబడి నేలిదా రొట్టె చివర కొరుకుతోంది.
కరకర నాకు వినబడకూడదని
అన్ని నీళ్లు పారబోస్తోంది.
నా జబ్బుకి ఆమె దొంగైంది.
దగ్గొచ్చింది. మింగేసుకుని
వచ్చిన అడుగుల్లోనే వెనక్కి వెళ్లి పడుకున్నాను.

నాలుగో నెల దుంపలు నేను ఉడకబెట్టాను.
మైదా చొక్కా నిండా, చెవుల్లో కూడా.
నా బొటనవేలు స్టీరింగుకి పనికొచ్చే బొటనవేలు.
ఒక్కదానికీ చార సరిగ్గా పడలేదు,
ప్రమాదం జరిగిన చోటులా ఉన్నాయి.
ఆమె ముందు పెట్టాను.
నా ముందు వంకాయ.
రెండు పళ్లేల కిందా రెండు నోట్లు.

"వంకాయ కింద పెడితే పనిచేస్తుందా?" అంది.
"పైన ఏముందో నోటుకేం తెలుసు?" అన్నాను.
కుర్చీలో కూర్చుని, దీపం వెలుగులో,
చప్పుడు చేస్తూ తిన్నది.

ఆఖర్న ఒకటి ఫోర్కుతో గుచ్చి
నా వంకాయ పక్కన పెట్టింది.
అన్నిట్లోకీ వంకర్టింకరది.
ఎంతసేపు నమిలానో చెప్పను.

పొద్దున్నే వేలికొసన నెత్తురు చుక్క.
అంకె కాస్త ఎక్కింది.
డాక్టరమ్మ చూసే పుస్తకంలో
కారణం అన్న గడిలో
దాచకుండా రాశాను:
ఒకటి.